బావి నీళ్లు అడిగిన సారు

మా సారు పోయి వారం తిరక్కముందే ఆయన మాటను సగానికి కోశారు. కోసినవాడు మా మేనేజరు. ఆ సగం మాట కింద తలలు వంచుకుని మౌనం పాటించినవాళ్లం మేము. ఎవరు చేశారో ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే ఇది కూడా పోయినాయన గురించి నాలుగు మంచి మాటలే అనుకుని మీరు పక్కన పెట్టేస్తారు.

బుధవారం పొద్దున నార్సింగిలో, పాలప్యాకెట్ కోసం కిందికి దిగుతూ సారు మెట్ల మీదే కూలిపోయారు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. వాళ్ల పై అంతస్తులో కిరాయికి ఉండేవాణ్ని నేను. ఆయన చేపల పెంపకం మీద పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆ తర్వాత అండమాన్ వైపు చిన్న చిన్న దీవులు పట్టుకుని తిరిగారు. ఏ చేప పెంచాలో, ఎక్కడ పెంచకూడదో అక్కడి మత్స్యకారులకు చెప్పేవారు. దీవుల్లో చేపల సాగుకు చోటు చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి రాయదుర్గంలో మా కంపెనీ మొదలుపెట్టినప్పుడు, ఆయన్ని సలహాదారుగా పిలిచారు. అట్లా ఇంట్లో పొరుగాయన నాకు ఆఫీసులో గురువయ్యారు.

శుక్రవారం సంతాప సభ పెట్టారు. తెర మీద దండ వేసిన ఫొటో, దాని కింద పెద్ద అక్షరాలతో ఆయన మాట: "దీవుల్లో చేపల సాగుకు మంచి భవిష్యత్తు ఉంది." ఆ మాట ఆయనదే. కాకపోతే ఆ మాట అన్న ప్రతిసారీ ఆయన "జనం తాగే బావుల జోలికి పోకపోతే" అని మొదలుపెట్టేవారు. ఆ ముందు ముక్క తెర మీద లేదు. పూర్తి మాట విన్నవాళ్లం ఆ హాల్లో పదిమందిమైనా ఉన్నాం. ఒక్క గొంతు లేవలేదు. నాది కూడా లేవలేదు. టీ బండి దగ్గర లోకాన్నంతా కడిగేసే గొంతు నాది. సభ అయ్యాక అందరం సమోసాలు తిన్నాం.

సారుకు ఒక అలవాటుండేది. ఏ ఇంటికి వెళ్లినా కూర్చోకముందే మంచినీళ్లు అడిగేవారు. మర్యాదకు అడుగుతున్నారనుకునేవాణ్ని. పోయిన ఏడాది మా టీమ్‌ను ఒక దీవికి తీసుకుపోయినప్పుడు అసలు సంగతి తెలిసింది. అక్కడ ఉన్నవి ఎక్కువగా శ్రీకాకుళం నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబాలు. మహిళా సంఘం నడిపే అక్క మమ్మల్ని చూడగానే పొయ్యి వెలిగించింది. సారు మాత్రం చెంబు వైపు చెయ్యి చూపించారు.

"ఏటి మాస్టారూ, వచ్చిన కాడ్నించీ నీళ్లు, నీళ్లు! టీ ఎడతన్నాను, తాగరేటి?"

"టీలో ఉప్పు దాక్కుంటుందమ్మా. ఉత్త నీళ్లే ఇయ్యి."

పుక్కిట పట్టి, కళ్లు మూసుకుని, నెమ్మదిగా మింగారు. "తియ్యగా ఉన్నాయి. ఇప్పుడు పెట్టు నీ టీ" అన్నారు. అక్క నవ్వి, "మా నీళ్లకి పరీచ్చలెట్టీసినారు. పాసేనా మాస్టారూ?" అంది.

సాయంత్రం పడవల రేవు దగ్గర అడిగాను, ఏంది సార్ ఈ నీళ్ల కథ అని. "మా ఊరికి రొయ్య వచ్చిందయ్యా. దాని వెనకాలే నీళ్ల టిన్ను వచ్చింది. చెరువులు తవ్వండని మైకు పట్టుకుని చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు మా వీధిలో బావి నీళ్లు గేదె కూడా తాగదు. పండక్కి రమ్మంటారు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

అంత పెద్దమనిషి సిగ్గుతో తల దించుకోవడం నేను మొదటిసారి చూశాను. నాకు అలవాటైన పాట ఎత్తుకున్నాను. "సార్, అసలు ఈ సాగే దోపిడీ సార్. బంద్ చేయించాలె మొత్తం."

ఆయన పకపకా నవ్వారు. "నువ్వు చదివే ఆ విప్లవం పుస్తకాల్లో ఐసు గురించి ఏమైనా రాశారా? రాయరు. చేపను సముద్రం పెంచుతుంది. అది చెడిపోకుండా ఐసు ఎవరు పంపుతారు? చేపపిల్ల ఓడలో రావాలి, మేత ఓడలో రావాలి, పెరిగిన చేప మళ్లీ ఓడలోనే పోవాలి. గాలివాన పట్టిందంటే ఓడే రాదు. వీళ్ల కష్టం ఇదీ. బంద్ చేయిస్తే ఈ అక్క ఏం తినాలి?" ఆ తర్వాత వేళ్లు మడుస్తూ ఆశలు చెప్పారు. అలలు తగలని ఆ పాయలో వల గూళ్లు కట్టి పండుగప్ప చేప పెంచొచ్చు. తాళ్లకు సముద్రపు నాచు కట్టి పెంచొచ్చు, అది ఆడవాళ్లు ఒడ్డు దగ్గరే చేసుకునే పని. కండలేని పీతను తెచ్చి మేపి అమ్మొచ్చు. "వీటిల్లో దేనికీ నేల తవ్వక్కర్లేదు, చూశావా? దీవి కింద మంచినీళ్లు పాల మీద మీగడలాంటివయ్యా. పల్చటి పొర. పక్కన చెరువు తవ్వి ఉప్పునీళ్లు నింపావో, మీగడ ఇక కట్టదు."

తిరిగొచ్చాక ఆఫీసులో మా మ్యాప్ చూపించాం. సాగుకు బాగా పనికొచ్చే దీవులు ముదురు పచ్చగా కనిపిస్తాయి. అన్నిటికంటే పచ్చగా ఉన్నది మేము వెళ్లొచ్చిన దీవే.

"ఇదెందుకయ్యా ఇంత పచ్చగా ఉంది?"

"బావులు ఎక్కువ సార్. నీటి వనరులు ఎన్నుంటే అన్ని మార్కులు."

సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఒరేయ్, జనం తాగే బావుల్ని తీసుకెళ్లి చెరువులకు మార్కులేశార్రా? ఎన్ని బావులుంటే అంత దూరంగా జరగాలి గదరా!"

దీవిని చూడకుండా కోడ్ రాసేవాళ్లు మాత్రమే చేయగల తప్పు అది. చూసొచ్చిన తర్వాత కూడా మేము దాన్ని పట్టుకోలేదు. మేనేజరు మాత్రం చిరునవ్వు చెదరకుండా, "గుడ్ పాయింట్ సార్. నెక్స్ట్ వెర్షన్‌లో చూద్దాం" అన్నాడు. ఆ తర్వాత సారు ప్రతి మీటింగులోనూ అదే అడిగారు, ప్రతిసారీ అదే జవాబు వచ్చింది. చివరికి ఆయన్ని మీటింగులకు పిలవడం మానేశారు. మ్యాప్ ఇంకా అట్లాగే పచ్చగా ఉంది.

ఇగ అసలు విషయం. సోమవారం ఆ దీవి సంఘం వాళ్లు ఇక్కడికి వస్తున్నారు. బావుల పక్కనున్న ఉమ్మడి నేలను, మా మ్యాప్ కొనుక్కున్న రొయ్యల కంపెనీకి చెరువుల కోసం ఇస్తామని మా ఆఫీసులో సంతకాలు పెట్టబోతున్నారు. నిన్న అక్కకు ఫోన్ చేశాను. సంతకం పెట్టొద్దక్కా, సారు ఒప్పుకోలేదు అని చెప్పాను.

"అదేటి బాబూ, మీ మేనేజరు బాబు ఫొటో పంపినాడు గదా. మాస్టారి మాట దాని కిందే ఉన్నాది. అదే ఆయన ఆకరి కోరికంట. సచ్చిపోయినోడి కోరిక కాదంటే పాపం తగల్దేటి?"

సగమే రాశారక్కా అన్నాను.

"మరి రాసినప్పుడు మీరంతా అక్కడే ఉన్నారు గదా? ఏటీ అన్లేదేటి?"

ఆ ప్రశ్న నా ఒక్కడిదే కాదు, మా అందరిదీ. రొయ్య ధర పెరిగితే పండగ చేసుకునేవాళ్లది, ఈ ఐటీ కారిడార్లో అద్దాల వెనక కూర్చుని ఎవరి ఊరి రంగో మార్చేవాళ్లది కూడా. సారు తన సిగ్గును దాచిపెట్టుకోలేదు. దాన్ని దీవి దీవికీ మోసుకెళ్లి, ఇంకో ఊరికి అట్లా జరగకుండా చూశారు. మన సిగ్గు కూడా ఏదో ఒక పనికి రావాలి కదా.

అక్కను నా ఒక్కడి మాటతో నమ్మించడం అయ్యే పని కాదు. సారు పూర్తి మాట విన్నవాళ్లు, ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు, బావి చెడిపోయిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, అందరూ రండి. సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు రాయదుర్గం మెట్రో మెట్ల కింద కలుద్దాం. అక్కడి నుంచి మా ఆఫీసు గేటుకు నడిచిపోదాం. వాళ్ల కారు పదింటికి వస్తుంది. ఉద్యోగం పోతుందని భయపడేవాళ్లు మూతికి మాస్కు కట్టుకునైనా రండి, ఏమీ అనుకోను.

ఫోన్ పెట్టేసే ముందు అక్క ఇంకొకటి చెప్పింది. మాస్టారి ఇంటావిడ కోసం ఎండు నెత్తళ్ల చేపలు మూట కట్టిందట. ఆ మూట చంకన పెట్టుకుని, ఆ అద్దాల తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియక ఆమె నిలబడి ఉన్నప్పుడు, పక్కన మా మేనేజరు ఒక్కడే ఉండకూడదు.