తెల్ల చీటీ, గులాబీ చీటీ

నాకు యాభై రెండేళ్ళు వచ్చేదాకా రాయడం రాదు. బడి దూరమై కాదు. చుండూరు దగ్గర మా పల్లెలో బడి మా ఇంటికి మూడిళ్ళ అవతలే ఉండేది. మా అక్కకు మూర్ఛలు వచ్చేవి. అమ్మా నాన్నా కలుపులకో కోతలకో పోతే, అక్క పొయ్యిలోనో కాలవలోనో పడకుండా పక్కన ఒకరుండాలి. ఆ ఒకరు నేనే. నాకు పదిహేడేళ్ళప్పుడు అక్క పోయింది. ఇంకేం పలక పడతావులే అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను.

పెళ్ళయింది. పిల్లలు పుట్టలేదు. ఆయన జ్వరంతో పోయాక, మా చర్చికి వచ్చే ఒకావిడ తెనాలిలో నన్ను ఆయా పనిలో పెట్టించింది. నడవలేనివాళ్ళో మాట్లాడలేనివాళ్ళో పదకొండు మంది ఆడవాళ్ళు ఉండే ఇల్లు అది. దాన్ని నడిపే సంస్థ పెద్దాఫీసు బాపట్లలో. పగటిపూట పనులు నేర్పే కేంద్రం రేపల్లెలో. తెనాలి ఇంట్లో ఆయాలం ఇద్దరం, వంటకు ఇంకొకామె. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నదైన రెండో ఆయా నన్ను అక్కా అనేది, నేను ఆమెను చెల్లీ అనేదాన్ని. పదో తరగతి దాకా చదివింది. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు.

ఏం జరిగినా చీటీ రాయాలని అక్కడ నియమం. వరండాలో నాలుగు పెట్టెలుండేవి. ఎవరికైనా దెబ్బ తగిలినా ఒళ్ళు బాగోకపోయినా తెల్ల చీటీ, అది నర్సమ్మకు పోతుంది. కుర్చీ చక్రమో కుళాయో పాడైతే పసుపు చీటీ, మరమ్మతు వాళ్ళకు. పనిచేసేవాళ్ళకు ఇబ్బంది వస్తే నీలం చీటీ, స్టాఫు సెక్షనుకు. అక్కడుండేవాళ్ళను ఎవరైనా బాధపెడితే గులాబీ చీటీ. ఆ పెట్టె తాళం మా వార్డెనమ్మ దగ్గర కూడా ఉండదు. బాపట్ల నుంచి వచ్చి వాళ్ళే తీస్తారు. మేం ఆ పెట్టె మీద పౌడరు డబ్బా, దువ్వెనలు పెట్టుకునేవాళ్ళం.

నేను చెప్పేదాన్ని, చెల్లి రాసేది, నేను వేలిముద్ర వేసేదాన్ని. నాలుగేళ్ళు అలాగే జరిగింది. ఒకరోజు ఇంకు ప్యాడ్ మూత విసిరికొట్టి, "నీ బొటనవేలు తుడవలేక చస్తున్నానక్కా. మధ్యాహ్నం పూట కూర్చో, అక్షరాలు దిద్దిస్తా," అంది.

"ఈ వయసులోనా? నవ్వుతారే."

"నవ్వేవాళ్ళకి నువ్విప్పుడు మాత్రం కనపడట్లేదా ఏంటి?"

అన్నాలు తిని అందరూ పడుకున్నాక, పాత క్యాలెండరు కాగితాల వెనక దిద్దించేది. నేను తప్పు రాస్తే పెన్సిలుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేది, నేను తిట్టేదాన్ని. నా జీవితంలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇది నీకు వస్తుంది అన్న మనిషి ఆమె ఒక్కతే. ఏడాదిన్నరకు చదవడం వచ్చింది, రాయడం దాని వెనకాలే వచ్చింది.

ఆ రోజుల్లోనే మూడు ఊళ్ళ ఆయాలనూ రేపల్లె రమ్మని క్లాసు పెట్టారు. మేమిద్దరం పొద్దున పాసింజరెక్కి వెళ్ళాం. బాపట్ల నుంచి వచ్చిన మేడం బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి, ఏది ఎవరికి పంపాలో అడగసాగింది. కుర్చీ బ్రేకు ఊడింది, ఎవరికి? పసుపు. దాని వల్ల మనిషి పడింది, అప్పుడు?

"తెలుపండి," అన్నారు అందరూ.

"రెండూ రాయాలమ్మా. నర్సు మనిషిని చూస్తుంది, మరమ్మతు వాళ్ళు కుర్చీని చూస్తారు. ఒకరికే పంపితే రెండోది అలాగే ఉండిపోతుంది, రేపు ఇంకొకరు పడతారు."

"రెండు రాస్తే రెండు తిట్లు పడతాయి కదండీ," అంది మా చెల్లి. హాలంతా నవ్వింది. మేడం కూడా నవ్వింది. నవ్వి, "అన్నిటికీ మీరు తెల్ల చీటీయే రాస్తున్నారు. దెబ్బ ఎక్కడ తగిలిందన్నది నర్సుకు కావాలి. ఎలా తగిలిందన్నది ఇంకొకరికి కావాలి," అంది.

నిజమే. మేమందరం తెల్ల చీటీయే రాసేవాళ్ళం. తెల్లదైతే ఆ పూటే ఆయింట్‌మెంట్ వస్తుంది, ఎవరి పేరూ బయటికి రాదు. గులాబీ చీటీ అంటే మనవాళ్ళ మీద పితూరీ అని మా లెక్క. దాని జోలికెవరూ పోలేదు.

తిరిగొచ్చాక నేను చదువు సాధన కోసం నర్సమ్మ గదిలో తీగకు గుచ్చిన తెల్ల చీటీలు తీసి చదివేదాన్ని. చిన్న చిన్న మాటలు, నాకు తెలిసిన సంగతులు, అందుకని తేలిగ్గా ఉండేవి. అందులో నావి కనపడ్డాయి. మూడు చీటీలు, మూడింటి మీదా నా వేలిముద్ర. మూడూ పాప గురించి.

పాప అంటే పిల్ల కాదు. ముప్పై ఏళ్ళ మనిషి. మాట రాదు, చేతులు వణుకుతాయి. అందరం పాపా అనే పిలిచేవాళ్ళం. నెత్తి మీద నీళ్ళు పోస్తే ఆమెకు భయం. మూడు సార్లూ పాప జబ్బ మీద వేళ్ళ గుర్తులు చూసి నేనే చెల్లికి చెప్పాను. చీటీల్లో మాత్రం ‘స్నానాల గదిలో కాలు జారి పడినది’ అని ఉంది. ఆ మూడు రోజులూ పాపకు స్నానం చేయించింది చెల్లే.

ఆ మధ్యాహ్నం అడిగాను. "పాప పడలేదు కదే."

"పడిందనుకో. మందొచ్చిందా లేదా?"

"వచ్చింది."

"మరింకేంటి?" బట్టలు మడత పెడుతూ అంది. ఒక లంగా మడిచాక మళ్ళీ తనే, "పదకొండు మందక్కా. నువ్వు ఆరుగురు, నేను అయిదుగురు. ఆమె జారిపోతుంటే పట్టుకోనా, వదిలేయనా? నా నడుం ఎలా ఉందో ఎప్పుడన్నా అడిగావా?" అంది.

అడగలేదు. పాపకు ఇకమీద స్నానం నేను చేయిస్తానని మాత్రం అన్నాను. సరే అంది. పది రోజులు అలాగే సాగింది. పదకొండో రోజు నాకు జ్వరమొచ్చి ఇంటి దగ్గరే ఉండిపోయాను. మర్నాడు వచ్చి చూస్తే పాప జబ్బ మీద నాలుగు గుర్తులు, లోపలి వైపు బొటనవేలిది ఒకటి. అప్పటికే నల్లబడ్డాయి. చెల్లి గదిలోకి రాగానే పాప మోచేతులు డొక్కల్లోకి ముడుచుకుంది. అంతకు ముందు కూడా అలా ముడుచుకునేదేమో. నేను గమనించలేదు.

రెండు మధ్యాహ్నాలు పట్టింది నాకు ఆ గులాబీ చీటీ రాయడానికి. చెల్లి ఎదురుగా కూర్చుని బియ్యం ఏరుతోంది. ఏం రాస్తున్నావని అడగలేదు, నేను సాధన చేస్తున్నాననుకుంది. పాప చేతి మీద గుర్తులున్నాయని, ఎవరు చేయించిన స్నానమో, ముందు మూడు సార్లు కూడా ఇలాగే అయిందని, అప్పుడు తెల్ల చీటీల మీద చదవకుండా వేలిముద్ర వేసింది నేనేనని రాశాను. తర్వాత నీలం చీటీ తీసుకుని, పదకొండు మందికి ఇద్దరం చాలడం లేదు, రెండో ఆయాకు నడుం పోతోంది, ఇంకొక మనిషి కావాలి అని రాశాను. మేడం చెప్పినట్టు రెండూ రాస్తే రెండూ చూస్తారనుకున్నాను. నీలంది దాని పెట్టెలో వేసి, పౌడరు డబ్బా పక్కన పెట్టి గులాబీది లోపల వేశాను. ఆఫీసుకు ఫోన్ చేసి చీటీ ఉందని చెప్పాను.

గులాబీ దానికి మూడో రోజునే వచ్చారు. బాపట్ల మేడం, ఇంకొకాయన. ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడారు. పాప పక్కన మేడం చాలాసేపు కూర్చుంది. విచారణ అయ్యేదాకా చెల్లిని రేపల్లె కేంద్రంలో వంటపనికి మార్చామని సాయంత్రం చెప్పారు. నీలం చీటీ గురించి అడిగితే, అది స్టాఫు సెక్షను వాళ్ళు చూస్తారమ్మా అన్నారు.

వార్డెనమ్మ నన్ను వేరే పిలిచింది. "ముందు నాకు చెప్పొచ్చు కదమ్మా."

"గులాబీది ఎవరికీ చెప్పక్కర్లేదన్నారండి."

"అన్నారులే," అని ఫైలు మూసేసింది.

చెల్లి సంచి సర్దుకుంటుంటే నేను గుమ్మంలో నిలబడ్డాను. చీరలు రెండు, స్టీలు డబ్బా, మోకాలి నొప్పికి రాసుకునే నూనె. నా వైపు చూడకుండా అంది: "నువ్వు రాసింది నాకు చదివి వినిపించారక్కా. తర్వాత చూపించారు కూడా. ఒక్క ఒత్తు తప్పలేదు. బాగా నేర్పాను."

"నీలం చీటీ కూడా రాశానే. నీ నడుం గురించి."

"అవునా. అది మటుకు ఎవరూ చదివి వినిపించలేదు."

రిక్షా ఎక్కేదాకా నేను సంచి మోశాను. వద్దనలేదు.

వంటామె ఆ పూట నా కంచం వంటింటి గట్టు మీద పెట్టి, తను పెరట్లోకి వెళ్ళి తింది. ఇన్నేళ్ళూ ముగ్గురం ఒకే చాప మీద తిన్నాం. మధ్యాహ్నాలు ఇక నాతో కూర్చునేవాళ్ళెవరూ లేరని అప్పుడే తెలిసింది. క్యాలెండరు కాగితం తీసి ఏదో రాద్దామనుకున్నాను. తప్పుందో ఒప్పుందో చెప్పే మనిషి లేకుండా ఏం రాయను? అక్కడే మడిచి పెట్టేశాను. మా అక్క పోయిన తర్వాత కొన్నాళ్ళు నా పక్క ఖాళీగా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా ఉండేవి. మళ్ళీ అలాగే అనిపించింది.

మర్నాడు పొద్దున రెండో ఆయా ఎవరూ రాలేదు. ఈ పూటకు నువ్వే సర్దుకో అంది వార్డెనమ్మ. నలుగురికి స్నానాలయ్యాయి. అయిదో మనిషి పాప. భుజాల దాకా నీళ్ళు పోసి సబ్బు రుద్దాను. బయట ఎవరో కుర్చీలోంచి జారుతున్నానని కేక వేశారు. నేను అటు తిరిగాను. పాప బల్ల మీద నుంచి జారింది. జబ్బ దొరకబుచ్చుకుని లాగి కూర్చోబెట్టాను, కదలొద్దని గట్టిగా అన్నాను, వదలకుండా అలాగే బిగించి పట్టుకుని ఇంకో చేత్తో నీళ్ళు పోస్తూ పోయాను. ఆమె మోచేతులు డొక్కల్లోకి ముడుచుకుంది. నా చెయ్యి తీసి చూశాను. నాలుగు వేళ్ళు ఎర్రగా లేస్తున్నాయి.

కుళాయి కట్టేశాను. పాపను తుడిచి, మెత్తటి తువ్వాలు కప్పి మంచం మీద కూర్చోబెట్టాను. బయట ఆవిడను కుర్చీలో సరిగ్గా కూర్చోబెట్టాను. తడి చేతులు తుడుచుకుని తెల్ల చీటీ ఒకటి రాశాను, నర్సమ్మ వచ్చి చూడాలని. గులాబీ చీటీ ఒకటి రాశాను, ఆ చెయ్యి నాదని. రెండూ పెట్టెల్లో వేసి బాపట్లకు ఫోన్ చేశాను. తర్వాత వార్డెనమ్మ గదికి వెళ్ళాను.

"పాప జబ్బ మీద నా వేళ్ళు పడ్డాయండి. రెండో మనిషి వచ్చేదాకా స్నానాలు చేయించనండి."

"ఏంటమ్మా ఇది, నువ్వు కూడానా?"

"నేను కూడానండి."

మిగతా ఆరుగురికీ గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి ముఖాలు తుడిచాను. ఆ తర్వాత పాప మంచానికి కాస్త ఎడంగా, ఆమెకు నా చేతులు కనపడేలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.