కుడి వైపు డోరు మీద చెయ్యి

మే నెల, గురువారం. పొద్దున్నే ఎండ ముదిరింది, గాలి లేదు. బండిని వేపచెట్టు నీడలోకి జరిపాను.

మా బావ సోమవారం మధ్యాహ్నం పోయాడు. అప్పటి నుంచి రోజువారీ లెక్కల పుస్తకం తెరవలేదు. ఇవాళ తెరిచి ఈ ఒక్క మాట రాశాను. రాశాక కూడా అది ఎవరో వేరేవాళ్ల ఇంటి కబురులాగే కనిపిస్తోంది.

మా అక్క భర్త ఆయన. తిరుపతిలో ఏళ్ల తరబడి బాడుగ కారు నడిపాడు. నాకు స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే. మీలో ఎవరైనా కొండ దిగి వచ్చి ఆయన కారెక్కి ఉంటే, ముఖం మరచిపోయినా ఆ తడి తువాలు గుర్తుండే ఉంటుంది. డోరు తీసే ముందు మనిషి మనిషికీ అందించేవాడు. "చేతులు తుడుచుకోండప్పా. ఆనక ఎక్కండి."

గుండు చేయించుకుని గంధం పూసుకున్నవాళ్లు కారుకు ఆనుకుంటే ఆయన ప్రాణం విలవిల్లాడేది. గంధం ఎండి పొడి అవుతుంది. దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే రంగు మీద గీతలు పడతాయి. ఎండకు పూసుకునే సన్‌స్క్రీన్ అంటే ఇంకా భయం. ఆ క్రీము చేత్తో డోరు తోస్తే అప్పటికి ఏమీ కనపడదు. బండి ఎండలో కాగాక వేళ్లు తెల్లగా పైకి తేలతాయి. అలాగే వదిలేస్తే రంగులోకి దిగిపోతాయి, ఇక పాలిష్‌కు కూడా లొంగవు.

ఒకసారి ఒక పెద్దాయన తువాలు చేతిలో పట్టుకుని, "మాకంటే మీ కారుకే మడి ఎక్కువుందే!" అన్నాడు.

"మీ గుండుకు గంధం సలవ సామీ, నా బండికి గీతలు," అన్నాడు బావ. "మీరు ముందర కూకోండి. ఏసీ మీ గుండుకే తిప్పతా."

ఆ కుటుంబమంతా నవ్వింది. పెద్దాయన చేతులు తుడుచుకుని, తువాలు భార్యకు కూడా ఇచ్చాడు.

నాకు ఆయన చెప్పిన పాఠం ఒకటే. "రేయ్ బామ్మర్దీ, మరక సూసి గుడ్డ తీసుకోని ఎగబడద్దు. ముందు నీడకు తొయ్యి. రేకు సల్లారనీ. ఆనక షాంపూ నీళ్లు. రుద్దద్దురా, బతిమాలు." అంత చెప్పీ, మైనం పాలిష్ పెట్టే రోజున మాత్రం గుడ్డ నా చేతికి ఇచ్చేవాడు కాదు. "నీకిస్తే గిన్నెలు తోమినట్టు తోమతావు" అనేవాడు. చూపు తగ్గి తన కారు అమ్మేశాక కూడా పొద్దున్నే వచ్చి నా నీలం కారు చుట్టూ తిరిగి చూసేవాడు. డోరు మూయాలంటే మోచేత్తో నెట్టేవాడు. వట్టి చెయ్యి కారు మీద పెట్టగా నేను ఎన్నడూ చూడలేదు.

సోమవారం నేను కోర్టు పని మీద చిత్తూరు వెళ్లేవాళ్లను ఎక్కించుకోవడానికి బయలుదేరుతున్నాను. ఎండకు ఆయన చేతులు ఎర్రగా పొక్కుతున్నాయని కూతురు ఏదో క్రీము కొనిచ్చింది. అది పూసుకుంటూనే గేటు దాకా వచ్చాడు. నా కిటికీ దగ్గరికి వచ్చి ఆగాడు. డోరు మీద అరచెయ్యి ఆనించాడు.

"ఏంది బావా ఇది, కిరీము చేత్తోనా! తువాలు యాడ?" అని నవ్వాను.

ఆయన కూడా తన చెయ్యి వైపు చూసుకున్నాడు, అదెవరిదో అన్నట్టు. "ఎండ రా, ఏం లేదు. నువ్వు పో, కాసుకోనుంటారు. నేనే తుడస్తాలే, నువ్వొచ్చినాక."

పాకాల దాటాక అక్క ఫోన్ చేసింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయేసరికే అయిపోయిందంది. "సరే" అన్నాను. నిజంగా అంతే అన్నాను. బండి పక్కకు ఆపాను. వెనక కూర్చున్నాయన ఏమైందని అడిగాడు. "నేనొచ్చినాక మా బావ తుడస్తానన్నాడు," అన్నాను. నోటికి అదే వచ్చింది. ఆయనే కిందికి దిగి నాకు నీళ్లు తాగించాడు.

తిరిగి వచ్చేసరికి ఆ చెయ్యి తేలింది. నీలం మీద తెల్లగా, నాలుగు వేళ్లు దగ్గరగా, బొటనవేలు ఎడంగా.

అప్పటి నుంచి నీడ ఎటు జరిగితే బండిని అటు జరుపుతున్నాను. "మనిషి పోయినా బండి మీద ఎంత జాగ్రత్తబ్బా," అని పక్కింటాయన అననే అన్నాడు. ఎండలో పెడితే ఆ గుర్తు రంగును తినేస్తుంది. కడిగితే పోతుంది. నీడలో ఉన్నంతసేపూ ఏదీ తేల్చుకోనక్కర్లేదు.

ఇందాక అక్క బయటికి వచ్చింది.

"ఇంకా తుడవలేదా తమ్ముడా?"

"లేదక్కా. తానే తుడస్తానన్నాడు."

అక్క ఆ గుర్తు ముందు నిలబడింది. తన అరచెయ్యి దాని దగ్గరికి తీసుకుపోయి, తాకకుండా వెనక్కి తీసుకుంది.

"రంగులోకి దిగితే ఆయప్ప ఒప్పుకోడు. ఎవురి చెయ్యైనా ఆయనకు మరకే. ఆయనదైనా అంతే. కడిగెయ్." నా భుజం మీద ఆయన తువాలు వేసి లోపలికి పోయింది. దాన్ని అప్పటికే తడిపి, పిండి తెచ్చింది.

సాయంత్రం. ఎండ తగ్గింది. రేకు చల్లారింది. బకెట్లో నీళ్లు పట్టి షాంపూ కలిపాను. పైకప్పు కడిగాను. ఎడమ వైపు కడిగాను. వెనక అద్దం, డిక్కీ కడిగాను. ముందు బానెట్ కడిగాను. కుడి వైపు డోరు ఒక్కటే మిగిలింది.