ప్రూఫులాయనా, నోరు తిరగని పూలూ

ప్రూఫులాయన ఆకలికి ఓర్చుకుంటాడు, ఉక్కపోతకు ఓర్చుకుంటాడు, మొక్క పక్కన తప్పు పేరు కనిపిస్తే మాత్రం క్షణం ఓర్చుకోలేడు. అచ్చాఫీసులో ముప్పై ఏళ్ళు అక్షరాలు దిద్ది రిటైరయ్యాక, ఎర్రపెన్సిలు పట్టుకుని మేడమీది ఐరిస్ పూల కుండీల మీద పడ్డాడు. అరుదైన దుంపలు ఎక్కడెక్కడినుంచో తెప్పిస్తాడు. ఒకే మొక్కని ఒక నర్సరీవాడు స్టైలోసా అంటాడు, ఇంకొకడు ఉంగ్విక్యులారిస్ అంటాడు. ఈయన మూడ్రోజులు పుస్తకాలు తిరగేసి వంటింట్లోకి పరిగెత్తుకొస్తాడు.

"రెండూ ఒకటేనే! స్టైలోసా పాతపేరు!"

"ఆ రెండోదానికి నోరు తిరగట్లేదండీ. ఉంగరాలమ్మ అనుకుంటాలెండి," అంటుంది భార్య.

"అనుకో. కుండీ మీద మాత్రం రాయకు."

ఒకసారి నూటమూడు జ్వరంతో ఉన్నాయన్ని భార్య డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, గోడమీది క్యాలెండర్లో పువ్వు కింద కెంఫెరి అని పాతపేరు ఉంది. మనిషి కుర్చీ ఎక్కేశాడు.

"దిగండి, పడతారు!"

"ఎన్సాటా అని దిద్ది దిగుతా. డాక్టరుగారూ, కాస్త కుర్చీ పట్టుకోండి."

పట్టుకున్నాడు పాపం. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది.

అందుకే ఎదురింటి టైలరమ్మ కుండీ ఎత్తుకుని గుమ్మంలోకి రాగానే భార్య గుండెల్లో రాయి పడింది. టైలరమ్మ భర్త కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. పోయి ఏడాదైంది. పోయేముందు ఈ మొక్క తెచ్చి, లోకంలో ఇలాంటిది ఇదొక్కటేననీ, శాస్త్రవేత్తలతో చెప్పి భార్య పేరే పెట్టించాననీ చీటీ రాసి గుచ్చాడు.

"ఎల్లుండి పార్కులో పూల ప్రదర్శన అన్నయ్యగారూ. ఆయన ఆఖరున ఇచ్చింది ఇదే. మీరు కొత్త చీటీ రాస్తే తప్పుండదని..."

అది ప్రతి నర్సరీలో గుట్టలుగా పడుండే జర్మానికా. ఆ సంగతి వంటింటి గుమ్మంలోంచే భార్యకు తెలిసిపోయింది. భూతద్దం పెట్టి చూస్తున్న మనిషికి తెలియదా? ఆవిడ దగ్గింది, కళ్ళతో సైగ చేసింది, చివరికి గిన్నె కింద పడేసింది.

"మీ ఆయన ఒక తప్పు చేశాడమ్మా," అన్నాడాయన.

టైలరమ్మ మొహం పాలిపోయింది. భార్యకు ఆ పెన్సిలు విరిచి పొయ్యిలో పెట్టాలనిపించింది.

"మీ పేరులో దీర్ఘం మర్చిపోయాడు. కొత్త చీటీ ఎందుకు? ఆయన రాసిందే ఉండనివ్వండి, దీర్ఘం నేను పెడతా. ప్రదర్శనలో ఎవరైనా ఏమైనా అంటే నా దగ్గరికి పంపండి."

"దీర్ఘాలు ఆయనకెప్పుడూ రావన్నయ్యగారూ!" అని టైలరమ్మ పడీపడీ నవ్వింది. ప్రదర్శనదాకా మీరే చూసుకోండని కుండీ అక్కడే వదిలి వెళ్ళింది.

సాయంత్రం నీళ్ళు పోద్దామని భార్య మేడెక్కితే, ఆయన జర్మానికా అని రాసిన ప్లాస్టిక్ ముక్కని ఆ కుండీ మట్టిలోకి వేలితో లోతుగా నొక్కుతున్నాడు.

"ఏంటండీ అది?"

దొంగ దొరికిపోయాడు. "తప్పు పేరు అలా వదిలేస్తే నాకు నిద్రపట్టదే. పైనున్నది ఆవిడకి, లోపలిది నాకు. ఎవరూ తవ్వి చూడరులే."

ఈ మనిషి మీద ఆవిడకు ఇంత ప్రేమ ఎన్నడూ పుట్టలేదు. పైకి తెలియనిస్తే ఇంకేమైనా ఉందా?

"బాగానే ఉంది. మరి నా పేరున మొక్కేదీ?"

"ముందు నువ్వు ఏ జాతో తేలాలిగా. ముప్పై ఐదేళ్ళుగా పరిశీలనలోనే ఉన్నావు."

ఆవిడ నీళ్ళడబ్బా తీసుకెళ్ళి ఆయన నెత్తిన కుమ్మరించింది.