కడగకూడని రాళ్లు

మా అమ్మ బాప్తిస్మం ఏళ్ల తరబడి ఆగింది మురికినీళ్ల వల్ల. శంషాబాద్ దగ్గర వాగు ఒడ్డున మావి పదిపన్నెండు ఇళ్లు, ఒక చిన్న చర్చి. వాగులో అమ్మమ్మ బాప్తిస్మానికి మునిగిన మడుగులోనే తానూ మునగాలని అమ్మ పట్టు. కానీ మా స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు మోరీలో పడి ఆ మడుగులోకే పోయేవి. అక్కణ్ణుంచి హిమాయత్ సాగర్‌కు. ఛీ, దగ్గరికి పోతే ముక్కు మూసుకోవాల్సిందే! బాప్తిస్మం లేనివాళ్లకు ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు కనుక, రొట్టె పంచే వేళకు అమ్మ వెనక వరసలో తల దించుకుని కూర్చునేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

తొంభైల మొదట్లో మా పాస్టరయ్య ఎక్కడో చూసొచ్చి, మోరీ చివర రెండు గుంతలు తవ్వించాడు. మొదటిదాంట్లో మడ్డి అడుగుకు దిగాలి. రెండోదాని నిండా కంకర పోసి, జమ్ము నాటించాడు; నీళ్లు అందులోంచి మెల్లగా వాగులోకి పోవాలి.

"కంకర నీళ్లను కడుగుతదా అయ్యా? గిదేం చోద్యం!" అని ఊరంతా నవ్వింది.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఎట్లా కడుగుతుంది? సబ్బు లేదు, మందు లేదు! రోజూ హార్లిక్స్ సీసాలో కంకర దాటి వచ్చిన నీళ్లు పట్టి కిటికీలో పెట్టేదాన్ని. కొన్నాళ్లకు, సీసా అవతలి జామచెట్టు ఆకులు కనబడ్డాయి. నవ్విన నాపచేనే పండిందన్నమాట. వాసన పోయింది, మడుగు తేరుకుంది. ఈస్టర్ నాడు అమ్మకు బాప్తిస్మమని పాస్టరయ్య ప్రకటించాడు.

ఇక్కడే మావాళ్ల గుణం బయటపడింది. పండుగ వస్తే మేము కడగని వస్తువు ఉండదు. ఈస్టర్‌కు వారం ముందు, మట్టలాదివారం అయిన మర్నాడు అమ్మ ముందు నడవగా ఆడవాళ్లంతా గుంత మీద పడ్డారు. జమ్ము కోసేశారు. కంకరంతా పైకి తీసి, జిగట పాకురు పోయేదాకా కొబ్బరి పీచుతో తోమి, బ్లీచింగ్ పౌడర్‌లో ముంచి మళ్లీ పేర్చారు. గట్టుకు సున్నం కూడా కొట్టారు. అబ్బో, ఎంత ముచ్చటగా ఉందో!

శుక్రవారానికి మడుగు మళ్లీ కంపు కొట్టింది.

పాస్టరయ్య తల పట్టుకున్నాడు. "అయ్యో అమ్మా, ఆ పాకురులో కంటికి కానరాని జీవాలుంటయ్. మురికిని తినేటివి అవ్వే. నేనే ముందుగాల చెప్పాల్సిండె."

అమ్మ గట్టు మీదే కూలబడింది. "నా బాప్తిస్మాన్ని నేనే తోమి పారబోస్కున్న బిడ్డా" అని భోరున ఏడ్చింది. అంత ఏడుపు చూసి నాకూ ఆగలేదు.

అత్తాపూర్‌లో ఉండే మా మేనత్త కబురు విని వచ్చింది. "మా చర్చిల సిమెంటు తొట్టి ఉన్నది, నల్లా నీళ్లు. ఒక్క మునకకు ఇంత పరేషాన్ ఎందుకు ఒదినె?"

"మా అమ్మ మునిగిన కాడనే మునుగుత. లేకుంటే గిట్లనే ఉంట" అంది అమ్మ.

ఇక రోజూ పొద్దున్నే అమ్మ పోయి, మళ్లీ పాకురు పట్టిందేమోనని కంకర తడిమేది. నేను సీసా నింపేదాన్ని. ఏ జీవాలు, ఎక్కణ్ణుంచి వస్తాయి, ఎవరు పిలిస్తే వస్తాయి? నాకు ఒకటే ఆలోచన. వానలు మొదలయ్యాక జమ్ము మళ్లీ మొలిచింది. ఒకరోజు అమ్మ గుంత దగ్గర్నుంచే కేకేసింది: "జారుతున్నయే! రాళ్లు జారుతున్నయ్!"

వానలు వెనకబట్టాక, మడుగు తేటపడ్డ ఒక ఆదివారం, అమ్మ తెల్లచీరలో నడుము లోతు నీళ్లలో నిలబడింది. ఒడ్డున మేమంతా పాట ఎత్తుకున్నాం. పాస్టరయ్య ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. అంతలో అమ్మ కళ్లు గుంత వైపు తిరిగాయి. చుట్టాల ముందు బాగుండదని, మేనత్త చీపురుతో కంకర మీది పాకురు గీకుతోంది.

"ఒదినే! చీపురు కింద పెట్టు! నీకు దండం పెడ్త, దాన్ని ముట్టకు!"

పాట ఆగిపోయింది. మేనత్త చీపురు వదిలేసింది. పాస్టరయ్య నవ్వు ఆపుకుంటూ అమ్మను ముంచాడు. అమ్మ పైకి లేచి, మొహం మీది నీళ్లు తుడుచుకుని, ముందుగా ఆ చీపురు ఎక్కడుందో చూసుకుంది. ఆ తర్వాతే ఏడ్చింది.

ఆ పూట రొట్టె పంచేటప్పుడు అమ్మ మొదటి వరసలో కూర్చుంది.