బుచ్చవ్వ ఇచ్చిన చీరగుడ్డ

మీరు నవ్వినా సరే... ఇది జరిగింది. నాకే జరిగింది. ఎవరో చెప్పగా విన్నది కాదు. పుస్తకంలో చదివింది అంతకన్నా కాదు. కూతురి తల మీద చెయ్యి పెట్టి చెప్పమంటే మాత్రం పెట్టను. ఎందుకంటే... ఇందులో ఉన్నది ఆ పిల్లే.

అప్పుడు మేము బెల్లంపల్లిలో ఉన్నాం. బొగ్గుబాయి దగ్గర దీపాల గదిలో నా పని. గనిలోకి దిగేవాళ్లకు దీపాలివ్వడం, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర తీసుకొని తుడవడం. మిగతా సమయమంతా గ్రంథాలయమే. నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి, అక్కడి బీరువాలో చదవని పుస్తకం లేదని చెప్పుకునేవాణ్ణి. క్వార్టర్ల వరసలో చివరి ఇల్లు మాది. కొత్తగా కట్టింది. మాకంటే ముందు అందులో ఎవరూ ఉండలేదు. ఈ మాట గుర్తుంచుకోండి. గోడలకు ఇంకా సున్నం వాసన పోలేదు.

పిల్ల పుట్టి మూడో నెల. నా భార్య సత్తవ్వకు విషజ్వరం వచ్చింది. మంచిర్యాల పెద్ద దవాఖానలో చేర్చుకున్నారు. పసిపిల్లను అక్కడ ఉంచనివ్వలేదు. ఇంటికి తెచ్చాను.

పిల్ల పాలు తాగలేదు...

ఆవుపాలు, మేకపాలు, గిన్నెతో, గుడ్డవత్తితో... ఏది పెట్టినా మూతి తిప్పేసేది. ఏడ్చేది. ఏడవడానికి ఓపిక లేక ఊరుకునేది. ఆ ఊరుకోవడమే నాకు ఎక్కువ భయం. పక్కింటి మల్లక్క పగలు చూసేది. కానీ ఆమెకూ పిల్లలున్నారు, వంట ఉంది, మొగుడి సణుగుడు ఉంది.

"తమ్మీ, నాతోని గాదు. అవ్వ వాసన లేక పోరి ఎండిపోతున్నది. మనిషిని పెట్టుకో. వాగవతల బుచ్చవ్వ ఉన్నది. ఎందరి పిల్లలనో సాదింది."

అటు మేస్త్రీ కబురు పంపాడు, మర్నాడు పనికి రాకపోతే నా చోట్లో ఇంకొకణ్ణి పెడతానని. ఆ సాయంత్రమే వాగు దాటి వెళ్లాను.

బుచ్చవ్వ వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. ముసలిదే కానీ గట్టి మనిషి. జీతం సంగతి అడగలేదు. పిల్ల ఎటు తిరిగి పడుకుంటుంది, ఏడుపు సన్నగా ఉంటుందా బొంగురుగా ఉంటుందా అని అడిగింది. లోపలికి వెళ్లి, తాను కట్టి విడిచిన పాత చీరలోంచి ఒక ముక్క చింపి తెచ్చింది.

"గిది ఇయ్యాల రాత్రి బిడ్డ కింద పరువు కొడుకా. నా వాసనకు అలవాటైతది. పొద్దుగాల నేనొచ్చేసరికి కొత్త మనిషి అనుకోదు. జర యాదికుంచుకో... ఉతకకు."

సరే అవ్వా అన్నాను. ఇంటికొచ్చి ఆ గుడ్డను దీపం దగ్గర చూశాను. చెమట, పొగ, మరకలు. ఆ మధ్యనే సూక్ష్మక్రిముల గురించి పుస్తకం చదివి ఉన్నాను. పసిపిల్లల బట్టలు సలసల కాగే నీళ్లలో ఉడకబెట్టాలని అందులో ఉంది. కుండలో వేసి, కార్బాలిక్ సబ్బు గీకి, ఉడకబెట్టాను. కుంపటి మీద ఆరబెడుతుంటే పిల్లను అప్పగించడానికి వచ్చిన మల్లక్క చూసింది.

"ఉతకద్దన్నదని నువ్వే చెప్తివి గదా!"

"ఉతకలేదక్కా, ఉడకబెట్టాను. క్రిములు చావాలంటే..."

"నీ పుస్తకాలు పాలు తాపుతయా?" అని మెటికలు విరిచి, పిల్లను నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆరిన గుడ్డను వాసన చూశాను. ఏ వాసనా లేదు. సబ్బు వాసన కూడా సన్నగానే ఉంది. తొట్టెలలో పరిచి పిల్లను పడుకోబెట్టాను. కుంపటి బయట పెట్టేశాను. మూసిన గదిలో బొగ్గుపొగ పడితే మతి చలిస్తుందని, లేనివి కనిపిస్తాయని చదివాను. చలికాలమైనా కిటికీ తెరిచే ఉంచాను. ఇదీ గుర్తుంచుకోండి.

తొట్టెలకు ఒక తాడు కట్టి, రెండో కొస నా మణికట్టుకు చుట్టుకునేవాణ్ణి. పిల్ల కదిలితే కింద పడుకునే ఊపొచ్చని. ఆ రాత్రీ అలాగే పడుకున్నాను. పాలగిన్నె పక్కన పెట్టి మూత పెట్టాను.

ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు.

కిర్ర్... కిర్ర్...

మెలకువ వచ్చింది. దూలానికి తాడు ఒరుసుకునే చప్పుడు. తొట్టెల ఊగుతోంది. నిద్రలో నేనే ఊపుతున్నాను కాబోలు అనుకున్నాను. చెయ్యి చూసుకున్నాను. చెయ్యి కదలడం లేదు. తాడు వదులుగా నేల మీద పడి ఉంది...

కిర్ర్... కిర్ర్...

గాలికి అలా ఊగదు. గాలికి ఊగితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. ఇది ఒక్క తీరున ఊగుతోంది. అలసిపోయిన మనిషి ఊపినట్టు, నెమ్మదిగా.

అప్పుడు ఇంకో చప్పుడు విన్నాను. చప్... చప్... చప్. మధ్యలో గుటక.

పిల్ల పాలు తాగుతోంది.

లేవాలనుకున్నాను. అంతలోనే వాసన వచ్చింది... వాము, వెల్లుల్లి, పసుపు. బాలింత ఒంటి వాసన. సత్తవ్వ ఒంటి వాసన! దవాఖానలో నా భార్య చచ్చిపోయింది, అందుకే వచ్చింది... అదొక్కటే తోచింది.

"సత్తీ..." అన్నాను.

తొట్టెల ఆపుదామని తాడు మెల్లగా లాగాను. బిగిసింది. ఆగింది. గుటక చప్పుడూ ఆగింది.

అటువైపు నుంచి... ఎవరో తాడును తిరిగి లాగారు.

గట్టిగా కాదు. నిద్రపోతున్న పిల్ల దగ్గర అల్లరి చేసేవాణ్ణి వారించినట్టు... ఒక్కసారి. అంతే. నేను తాడు వదిలేశాను.

కిర్ర్... కిర్ర్... మళ్లీ మొదలైంది.

తెల్లారేదాకా కళ్లు మూసుకునే ఉన్నాను.

వెలుగు వచ్చాక లేచి చూశాను. పిల్ల నిద్రపోతోంది. పొట్ట నిండుగా ఉంది. పెదవి చివర తెల్లగా పాలచుక్క. గిన్నె మూత తీశాను... మీగడ కట్టి ఉంది, చెక్కుచెదరలేదు.

తలుపు తోసుకుని మల్లక్క ఇంటికి పరిగెత్తాను. అప్పుడే ఆమె భర్త మంచిర్యాల దవాఖాన నుంచి బండి దిగి వచ్చాడు. నా ముఖం చూసి, "గట్ల పరేషాన్ ఎందుకైతవు? నీ ఇంటామెకు జరం దిగింది. గంజి తాగింది" అన్నాడు. సత్తవ్వ బతికే ఉంది. మరి...

నేను తిరిగి వచ్చేసరికి బుచ్చవ్వ మా గడపలో నిలబడి ఉంది. లోపలికి వచ్చి పిల్లను ఎత్తుకోలేదు. ముందు తొట్టెలలోంచి గుడ్డ కొస లాగి ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు పెట్టుకుంది.

"కొడుకా... గిది నా వాసన గాదు."

"ఉడకబెట్టానవ్వా. క్రిములు..."

"ఉడకవెడితే వాసన పోతది." నా వైపు చూడకుండానే అంది. "ఇంకోలది రాదు. గీ ఇంట్ల నీకన్నముందు ఎవలుండె?"

"ఎవరూ లేరు. కొత్త ఇల్లు."

ఆమె వెళ్లిపోతుందనుకున్నాను. బతిమాలాను. పనికి పోవాలి, పిల్ల బతకాలి అన్నాను. బుచ్చవ్వ తొట్టెలకు ఒకవైపు, కిటికీ లేని వైపు, తన చాప పరిచింది.

"నేను గీ పక్క ఉంట. ఆ పక్క ఏం పెట్టకు. గా జాగ ఇడిచిపెట్టు."

ఆ రోజు పిల్ల ఆమె చేతి పాలు తాగింది. ఎందుకు తాగిందో నాకు తెలియదు. ఆమెకు తెలిసినా చెప్పలేదు. సత్తవ్వ ఇంటికి వచ్చాక, ఆ రాత్రి ఏమైనా కల వచ్చిందా అని అడిగాను. "ఏ కల రాలే. ఒళ్లు మరిచి పన్న" అంది.

ఇప్పుడు పిల్ల బడికి పోతోంది. బుచ్చవ్వ తన ఊరికి వెళ్లిపోయింది. ఇలాంటిది ఇంకెక్కడైనా జరిగిందా అని గ్రంథాలయం బీరువాలోని పుస్తకాల్లో వెతికాను, ఎక్కడా దొరకలేదు. ఆ గుడ్డ మాత్రం నా పుస్తకాల పెట్టెలో అడుగున ఉంది. మసిగుడ్డ చేస్తానని సత్తవ్వ అడిగితే ఇవ్వలేదు. మళ్లీ ఉతకలేదు కూడా.

పుస్తకం కోసం పెట్టె తెరిచినప్పుడల్లా... ముందు ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత మూత ఎత్తుతాను.