బావమరిది కోసం నేను రాసిన తప్పుల పుస్తకం

నా బావమరిది నా పుస్తకం దొంగిలించాడు. కాగితాలు ఎక్కడివక్కడే ఉంచి, లోపలున్న ముప్పై ఏళ్ళ సముద్రాన్ని మాత్రం పట్టుకుపోయి, దాన్ని మలయు భాషలోకి దింపి, కింద తన పేరు వేసుకున్నాడు.

నిరుడు ఏప్రిల్‌లో, ఈ మలయు దేశంలో మాకు దగ్గరి ఊరైన తెలుక్ ఇంటాన్‌లో గాలాలమ్మే దుకాణానికి సీసం గుండ్ల కోసం వెళ్ళినప్పుడు ఈ సంగతి నా కంట పడింది. గోడకు ప్లాస్టిక్ తొడుగు వేసిన కాగితమొకటి వేలాడుతోంది. పసుపు తోక చేపకు ఏ నెలలో ఎంత లావు తంగూసు దారం కట్టాలి, ఎంత గుండు వెయ్యాలి, ఎన్ని గాలాలు గుచ్చాలి, అన్నీ వరసగా ఉన్నాయి. ఎవడో నాలాగే కష్టపడ్డాడని మొదట ముచ్చటపడ్డాను కూడా. తీరా ఆరో వరసకు వచ్చేసరికి, గాలం కర్ర ఎప్పుడూ పడవకు కుడి పక్కనే పెట్టుకోవాలని ఉంది. కింద చూస్తే నా బావమరిది పేరు. నా చెవులు వేడెక్కిపోయాయి. పామాయిల్ తోటలో గెలలు కోసే రోజుల్లో ఒక గెల వచ్చి నా ఎడమ భుజం మీద పడింది, అప్పట్నుంచీ ఆ చెయ్యి సరిగ్గా లేవదు, అందుకని నాకోసం నేను రాసుకున్న మాట అది. చేపకు కుడేమిటి, ఎడమేమిటి? రెండు భుజాలూ బంగారంలా ఉండి వాడితో తిరిగే, ఒంటిమనిషి తెడ్డు పడవల కయాక్ సంఘం కుర్రకారంతా నా విరిగిన భుజాన్ని శాస్త్రంగా పట్టుకుని, కర్రలు కుడి పక్కన బిగించుకుని తిరుగుతున్నారు! పైగా దుకాణం చైనా ఆయన నా బావమరిదిని చెగు, అంటే మేష్టారు, అని పిలుస్తూ మెచ్చుకున్నాడు.

మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఎస్టేట్ బడిలో మనకు చెప్పింది తమిళమే. తెలుగు అక్షరాలు నాకు ఏ మేష్టారూ నేర్పలేదు. మా అమ్మ ట్రంకుపెట్టె అడుగున పరిచిన పాత తెలుగు కాగితాలనూ, ఎవరో ఓడలో తెచ్చిన చిరిగిన వాచకాన్నీ ముందేసుకుని, అమ్మ నోటి మాటల్ని ఒక్కొక్కటే ఆ గుండ్రటి గీతలకు అతికించి చూసుకుంటూ, రెండేళ్ళకు చదవడం పట్టుకున్నాను. తోట వదిలి హుటాన్ మెలింటాంగ్‌లో పడవలు బాగుచేసే షెడ్డులో చేరాక, సెలవు రోజున ఒంటిమనిషి పడవ తెడ్డేసుకుని వెళ్ళడం, వచ్చి ఆ రోజు గాలీ నీరూ చేపా ఎలా ఉన్నాయో తెలుగులో రాసుకోవడం అలవాటైంది. ఆ రేవులో మలయులున్నారు, చైనావాళ్ళున్నారు, తమిళులున్నారు, అందరూ ఒకళ్ళ చోటు ఒకళ్ళు కాజేసేవాళ్ళే, కానీ నా పుస్తకం బల్ల మీద బార్లా తెరిచి పెట్టినా చదవగల మొనగాడు లేడు.

ఒక్కడున్నాడు. నా భార్య తమ్ముడు. మా పెళ్ళయిన ఏడు, తోట కూలీల లైన్ల ఇళ్ళ అరుగు మీద బొగ్గుముక్కతో అ, ఆలు రాయించి, గుణింతాలు వల్లె వేయించి, వాడికి చదువు చెప్పినవాణ్ణి నేనే. ఆ తాళంచెవి నేనే చేసి వాడి చేతిలో పెట్టానన్నమాట.

ఆ పుస్తకంలో ఏముందంటే, మా పడమటి తీరానికి ఈశాన్యం గాలి రోజులే మంచి రోజులు. నవంబరు దాటాక నీరు తేటపడుతుంది, పసుపు తోక పొద్దున్నే పైకొస్తుంది, కానీ తేట నీటిలో దానికి అనుమానం ఎక్కువ; సన్న తంగూసు, చిన్న గాలాలు, గోరంత గుండు చాలు. నైరుతి మొదలైందా, సుమత్రా వైపునుంచి తెల్లారగట్ల గాలివాన తోసుకొస్తుంది, నీరు కలక, కెరటం ఎత్తు. అప్పుడు లావు తంగూసు కట్టి, మెరిసే తెల్లదారం చుట్టిన పెద్ద గాలాలేసి, బరువు గుండుతో అడుగుదాకా దించాలి. మధ్యలో వానలకు ఏటి బురద సముద్రంలోకి దిగినప్పుడు ఏటి మొగకు దూరంగా పోవాలి. చెబితే ఇంతే, కానీ ఈ నాలుగు ముక్కల కోసం నేను ఎన్ని ఆదివారాలు ఖాళీ బుట్టతో ఇంటికొచ్చానో నాకు తెలుసు.

వాణ్ణి అడగలేదు, తిట్టలేదు. మళ్ళీ ఒక పుస్తకం రాశాను. పాతదిలా కనిపించాలని కాఫీ చుక్కలు చిలకరించి, నైరుతి రోజులకు సన్న తంగూసే మేలనీ, గుండు తేలిక చెయ్యాలనీ, ఇది ఇన్నాళ్ళకు కనిపెట్టిన రహస్యమనీ తీరుబడిగా రాశాను. లంగరు కట్టే పద్ధతి మాత్రం ఉన్నదున్నట్టే ఉంచాను. నా పగ వాడు నవ్వులపాలు కావాలని, మునిగిపోవాలని కాదు. నా భార్య పోయి నాలుగేళ్ళు, ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే. ఆదివారం మా పడవలు తీరానికి తీసుకెళ్ళడానికి వాడు వ్యాను తెచ్చే వేళకు పుస్తకం టీబల్ల మీద పడేసి స్నానానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పుస్తకం రవ్వంత జరిగి ఉంది. ఆ రవ్వంత చూసి నాకు కలిగిన సంతోషం ఏమని చెప్పను!

మే నెలనుంచి సెప్టెంబరుదాకా లుముట్ తీరంలో నేను అనుభవించినది ఏ రాజూ అనుభవించి ఉండడు. నా పడవకు యాభై బారల దూరంలో వాడి గాలాలు కెరటం మీద జుట్టుపోగుల్లా తేలుతుంటే, నేను తాడు లాగినప్పుడల్లా ఆరేసి పసుపు తోకలు తళతళమంటూ పైకొచ్చేవి. కుర్రాళ్ళు ఒడ్డున మూగి, "చెగు, ఇవాళా కోసోంగేనా?" అని, అంటే ఖాళీయేనా అని, వాడి డబ్బా మీద తాళం వేసేవారు. వాడు తల గోక్కుంటూ, "సముద్రానికి నామీద కోపమొచ్చినాది లా!" అని చివర మలయు తోక తగిలించి అనేవాడు. నేను మాత్రం నాలుగు చేపలు తీసి వాడి డబ్బాలో పడేసి, అందరూ వినేలా, "పట్టుకెళ్ళరా, మా చెల్లికి కూరకైనా ఉంటాయి!" అనేవాణ్ణి.

కానీ నాకు కావలసింది అది కాదు. ఈ కాగితం మా బావది అని ఆ కుర్రాళ్ళ ముందు వాడి నోటితో ఒక్క మాట. ఆ మాట అడుగుతూ, రెండో పుస్తకం నా పనేనని కూడా దాచకుండా, అక్టోబరులో మూడు పేజీలు తెలుగులో రాసి పోస్టు చేశాను. నెల గడిచింది. వాడు ప్రతి ఆదివారం వ్యాను తెస్తూనే ఉన్నాడు, వానల గురించీ మోకాళ్ళ గురించీ మాట్లాడుతూనే ఉన్నాడు, ఉత్తరం ఊసు మాత్రం లేదు.

ఆ నెలంతా ఒక ఆలోచన నన్ను తినేసింది. నా పిల్లలకు తెలుగు చెవికి తెలుసు, నోటికి రాదు. మనవలకు చెవికీ తెలియదు. రేపు నేను పోతే పాత పుస్తకం చిత్తుకాగితం, ఆ గోడ మీద మలయు కాగితం మాత్రం ఎన్నాళ్ళైనా ఉంటుంది. ఒకప్పుడు మన లైన్లలో సాయంకాలం అయితే పది ఇళ్ళలో తెలుగు వినబడేది. ఇప్పుడు నా రాత చదవగలిగినవాడు ఈ దేశంలో నాకు తెలిసి ఒకే ఒక్కడు మిగిలాడు, వాడేమో దొంగ. తిట్టాలన్నా వాడినే తిట్టాలి, వాడికే రాయాలి.

నవంబరు చివర, నీరు తేటపడిన మొదటి ఆదివారం, వ్యాను దిగుతూ నాలుగు మడతల కాగితం నా చేతిలో పెట్టాడు. నేను నేర్పిన అక్షరాలే, వంకరటింకరగా ఉన్నాయి.

"బావా, తప్పు నాదే. చెగు చెగు అంటంటే ఒళ్ళు పొంగిపోయి నా పేరు ఏసుకున్నాను. వచ్చే వారం అందరి ముందరా సెప్తాను, కాగితం మీద నీ పేరే ఏయిస్తాను. గాని నీ రెండో పుస్తకం అబద్దమని నాకు మొదటి పేజీలోనే తెలిసిపోయినాది. జూన్ నెల కెరటంలో సన్న తంగూసు ఎవుడు కడతాడు? అక్క పోయిన కాణ్ణించి నీ మొకం మీద నవ్వు సూడనేదు నేను. మొదటివారం సరదాకి కట్టి సూత్తే, నాకొక్క సేపా పడనేదని పడవలో కూకుని పడీ పడీ నవ్వినావు. నువ్వు నవ్వినన్నాళ్ళూ ఆ సన్న తంగూసే కట్టినాను."