మేకపిల్లకు తలంటు

మా పక్కింటి ఝాన్సీలక్ష్మికి శుభ్రం పిచ్చి. తారానగర్‌లో ఎవరిని అడిగినా ఆ మాటే చెబుతారు. ఇనప ఖనిజం లారీలు పోయే దారి కాబట్టి ఆ దుమ్ముకు ఇక్కడ గోడలూ, చెట్లూ, బర్రెల వీపులూ అన్నీ ఎర్రగానే ఉంటాయి. ఈవిడ మాత్రం మేకకు వేసే అవిసాకును కూడా బకెట్లో ముంచి, జాడించి, దులిపి మరీ వేస్తుంది. ఆ మేకకు మాటలొస్తే ఈపాటికి చేతులు జోడించి వేడుకునేది.

వాళ్లది కోస్తా నుంచి ఈ కన్నడ సీమకు వచ్చిన కుటుంబం. మామగారి కాలంలో కాలవ కింద పొలం కొనుక్కుని ఇక్కడే ఉండిపోయారు. వరి తప్ప ఇంకోటి సాగే కాదని వాళ్ల నమ్మకం. నడుం నొప్పితో నాట్లకు వంగలేకపోయాక, ఊరికే కూర్చుంటే తోచక ఝాన్సీలక్ష్మి మేకను కొంది. ఇదొక్కటి నిలిస్తే చిన్న మంద చేసుకోవాలని ఆశ. "ఇంటా వంటా లేని పని" అని మొగుడు పిచ్చయ్య మొహం చిట్లించాడు.

ఎదురింటి కావేరి పుట్టినప్పటినుంచీ మేకల్లోనే పెరిగిన మనిషి. వేసవిలో వాళ్ల పోతుతోనే కలిపించారు. చూలు నిలిచింది. దసరా వెళ్లి, వానలు తెరిపిచ్చాక ఒక ఉదయం మేక ఈనింది. తొలిచూలు, ఒక్కటే పిల్ల, బొగ్గులా నల్లగా ఉంది.

ఆ వేళకు కావేరి మందను తోలుకుని గుట్టకు పోయింది. పిల్ల ఒంటినిండా జిగురు చూసి ఝాన్సీలక్ష్మి ప్రాణం ఊరుకోలేదు. వేన్నీళ్లు కాచింది. సున్నిపిండితో నలిచి తలంటింది. తువ్వాలుతో తుడిచి, సాంబ్రాణి పొగ వేసి, బుగ్గన దిష్టిచుక్క కూడా పెట్టి తల్లి ముందు దించింది.

"బారసాల కూడా చేసెయ్" అని నవ్వాడు పిచ్చయ్య.

తల్లి వాసన చూసింది. తుమ్మింది. పిల్లను ఒక్క కుమ్ము కుమ్మి అవతలికి తోసేసింది. ఎన్నిసార్లు దగ్గరికి చేర్చినా అంతే. మధ్యాహ్నానికి పిల్ల గొంతు సన్నబడిపోయింది. పిచ్చయ్య నవ్వడం మానేశాడు.

"ఈ పిల్ల దక్కకపోతే తల్లిని సండూరు సంతకు తోలేస్తా. నీకు మేకలూ వద్దు, నాకీ గోలా వద్దు."

కబురందగానే కావేరి పరుగున వచ్చింది. పిల్లను ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏందమ్మా ఈ వాసన? పెండ్లికూతురా ఇది?"

"పసిదాన్ని ఆ మురికితో ఎట్టా వదిలేయనే?"

"అది మురికి కాదు తల్లీ. మేక దాన్ని నాకి నాకి, పిల్లను గుర్తుపెట్టుకుంటాది. నువ్వు కడిగేస్తివి. ఇప్పుడు ఇది నీ పిల్ల అనుకుంటాండాది."

ఝాన్సీలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు జాలేసింది. ప్రేమకొద్దీ చేసిన పనే కదా.

కావేరి తల్లిని గుంజకు కురచగా కట్టింది. దాని పాలే పిండి పిల్ల వీపుకూ తోకకూ పూసింది, తల్లి నాకాలని పైన ఉప్పునీళ్లు చిలకరించింది. తల్లి వెనక కాలు పట్టుకుని పిల్లకు బలవంతాన పాలు తాగించింది.

"నేనొచ్చి తాపుతా. నువ్వు మాత్రం ముట్టొద్దు. సుమ్మనె కూర్చో, అష్టే."

ఊరికే కూర్చోవడమంటే ఆమెకు శిక్షే. పిల్ల అరిచినప్పుడల్లా లేచేది, మళ్లీ కూలబడేది. కట్టి ఉంచితే మేక తాగనిస్తోంది, తాడు వదులైతే కుమ్ముతోంది. పిచ్చయ్య సంత మాట ఎత్తలేదు గానీ, మానుకున్నానని కూడా అనలేదు.

ఒక పొద్దున కావేరి, "చూద్దాం" అంటూ తాడు విప్పింది. పిల్ల తూలుతూ పోయి పెరటి కాలవలో కాలు జారింది. ఝాన్సీలక్ష్మికి కావేరి చెప్పినవన్నీ మరుపున పడ్డాయి. పరుగెత్తి, వంగి, రెండు చేతులతో దాన్ని పట్టుకుంది.

మేక వెనకనుంచి వచ్చి గట్టిగా పొడిచింది. ఝాన్సీలక్ష్మి పేడలో చతికిలబడింది. మేక ఆమెకూ పిల్లకూ మధ్య నిలబడి, గుర్రుగా చూసి, ఒడ్డెక్కిన పిల్లను తోకనుంచి నాకడం మొదలుపెట్టింది.

లేపబోయిన పిచ్చయ్య చేతిని ఆమె తోసేసింది.

"దగ్గరికి పోకండి! నన్ను కూడా ముట్టనివ్వట్లేదు, చూశారా? దాని పిల్లని నన్ను ముట్టనివ్వట్లేదు!"

పేడలో కూర్చునే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఆమెను అంత సంతోషంగా నేను ఎన్నడూ చూడలేదు.